జారిపోయిన చీటీ

చెరకు ట్రాక్టరు రెండుసార్లు కాటా ఎక్కుతుంది. లోడుతో ఒకసారి, దింపాక ఖాళీగా ఇంకోసారి. రెండింటి తేడానే రైతు చేతికొచ్చే తూకం చీటీ. 1937లో మొదలై 2015 డిసెంబరులో మూతపడిన నిజాం షుగర్స్ చక్కెర ఫ్యాక్టరీ వల్ల బోధన్ శక్కర్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లకు ఈ లెక్క కొత్త కాదు. చీటీ మీద సున్నా ఉండటం వేరు, చీటీయే లేకపోవడం వేరు.

ఆ లేని చీటీని ప్రోగ్రామర్లు నల్ అంటారు. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషలో దీన్ని పెట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్, అది తాను చేసిన వంద కోట్ల డాలర్ల పొరపాటని 2009లో ఒప్పుకున్నారు.

ఆ ఊళ్ల జిల్లా కేంద్రం నిజామాబాద్‌లో 2023 ఆగస్టులో ఐటీ హబ్ తెరిచారు. అలాంటి చోట కొత్తగా చేరిన అమ్మాయి ఏఎస్‌పీ డాట్ నెట్ ఎంవీసీ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో చెరకు తూకం పేజీ చేస్తోందనుకుందాం. అందులో కంట్రోలర్ అనే కోడ్ భాగం వివరాలన్నీ వ్యూ మోడల్ అనే మూటలో సర్ది పేజీకి అందించాలి. పేజీ బాగానే తెరుచుకుంటుంది. ఊళ్ల జాబితాలో ఎడపల్లి, రెంజల్, వర్ని కనిపిస్తాయి. ఎడపల్లి ఎంచి, బరువు గడి ఖాళీగా వదిలి సేవ్ నొక్కగానే పేజీ కూలుతుంది. తెర మీద ఎర్రర్ చూపేది జాబితాను గీసే లైనును. గంటసేపు ఆ లైను చుట్టూ తిరిగినా ఏమీ దొరకదు. తప్పు అక్కడ లేదు మరి.

బ్రౌజర్ వెనక్కి పంపేది ఎంచుకున్న ఒక్క ఊరునే, జాబితా మొత్తాన్ని కాదు. బరువు లేదని కంట్రోలర్ అదే మోడల్‌ను మళ్లీ పేజీకి ఇచ్చినప్పుడు జాబితా ఉండాల్సిన చోట నల్ ఉంటుంది. మొదటిసారి నింపిన కోడ్ రెండోసారి నడవనేలేదు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఈ కోడ్ రాసే సీ షార్ప్ భాషలో, 2015లో ఆరో వెర్షన్‌తో వచ్చిన ప్రశ్నార్థకం, చుక్క (?.) తగిలిస్తే ఎర్రర్ మాయమవుతుంది. నల్ మాత్రం అక్కడే ఉంటుంది. జాబితా దగ్గర ఖాళీ గడి కనిపిస్తే సరే, అదే అలవాటు తూకం దగ్గరకు పాకితే రైతు బరువు చప్పుడు లేకుండా పోతుంది. అంతకంటే పేజీ కూలడమే నయం.

ఆమె కంట్రోలర్‌లో కోడ్‌ను మధ్యలో ఆపే బ్రేక్‌పాయింట్ పెట్టి, ఒక్కో లైనూ దాటిస్తూ మోడల్ విప్పి చూస్తుంది. పేజీ వెనక్కి వెళ్లే దారిలోనూ జాబితా నింపుతుంది. మళ్లీ బరువు రాయకుండానే సేవ్ నొక్కుతుంది. బరువు రాయమని ఎర్ర అక్షరాలు. కింద ఎడపల్లి, రెంజల్, వర్ని.