జలనేతి: కాచిన నీళ్లు, కొలిచిన ఉప్పు

భివండీ పద్మనగర్‌లో తెలుగు మాట కోసం వెతుక్కోనక్కర్లేదు. తెలంగాణ పల్లెల నుంచి తరతరాలుగా వలస వచ్చిన పద్మశాలీలు ఇక్కడ ఇళ్లు కట్టుకున్నారు, గుళ్లు కట్టుకున్నారు, మరమగ్గాల చప్పుడు మధ్యే పిల్లల్ని పెంచి పెద్దచేశారు. ఠాణే జిల్లాలోని భివండీ దేశంలోని పెద్ద మరమగ్గాల కేంద్రాల్లో ఒకటి. దినపాళీ దిగినవాడి చోటులో రాత్రిపాళీవాడు నిలబడతాడు గానీ సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగవు. నూలు నుంచి రాలే నూగు కార్ఖానాలో తేలుతూనే ఉంటుంది. జుట్టు మీద, కనుబొమల మీద వాలినట్టే ఊపిరితో పాటు ముక్కులోకీ పోతుంది. తుమ్ములు, ముక్కు దిబ్బడ, నొసట బరువు పనిలో భాగమేనని చాలామంది సర్దుకుపోతారు.

సర్దుకుపోనక్కర్లేదు. జలనేతి అనే పాత ఉపాయం ఉంది. ఉప్పునీటిని ఒక ముక్కుపుటంలో పోసి రెండో దానిలోంచి బయటికి పారించడమే అది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యువ్యాధితో పుట్టినవారికి వైద్యులు సైనస్‌ల కోసం చెప్పే ఉప్పునీటి కడుగుడు కూడా ఇదే. నూగు పట్టిన ముక్కుకైనా, ఆ జబ్బుతో కఫం గడ్డకట్టిన ముక్కుకైనా పద్ధతి ఒకటే. రోగికి జాగ్రత్త మరింత కావాలి, అంతే.

నేతి హఠయోగంలోని షట్కర్మల్లో ఒకటి. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపికలో ధౌతి, వస్తి, త్రాటకం, నౌలి, కపాలభాతులతో పాటు దీనికీ చోటుంది. అక్కడ చెప్పింది నీటి నేతి కాదు, సూత్రనేతి. నున్నటి దారాన్ని ముక్కులోంచి దూర్చి నోట్లోంచి తీయడం. ముక్కుతో నీళ్లు పీల్చి నోటితో వదిలే క్రియను ఘేరండ సంహిత కపాలభాతి రకాల్లో ఒకటిగా చెప్పింది. ఈ క్రియలను ప్రయోగశాలలో పరీక్షించి చూడాలన్న ప్రయత్నం స్థిరపడింది కూడా మహారాష్ట్రలోనే. స్వామి కువలయానంద 1924లో లోణావలాలో కైవల్యధామం స్థాపించి, అదే ఏడు ‘యోగ మీమాంస’ పత్రికను ప్రారంభించారు. నమ్మకాన్ని పరీక్షకు నిలబెట్టడం సంప్రదాయానికి అవమానం కాదని చూపిన పని అది.

ముక్కు లోపల జరిగేది

ముక్కు, సైనస్‌ల లోపలి పొర మీద పలుచటి జిగురు ఎప్పుడూ పరుచుకుని ఉంటుంది. దాని కింద కంటికి కనబడని నూగువెంట్రుకలు క్షణానికి పదిసార్లకు పైగా కొట్టుకుంటూ ఆ జిగురును గొంతు వైపు నెడుతుంటాయి. సాంచా మీద నేసిన బట్టను ఎప్పటికప్పుడు రోలర్ చుట్టుకుపోవాలి. రోలర్ తిరగకపోతే బట్ట అక్కడే కుప్పపడుతుంది. ముక్కులోనూ అంతే. దుమ్మును, క్రిములను పట్టుకున్న జిగురు కదిలిపోతేనే లోపల శుభ్రం. బుగ్గ ఎముకలోని సైనస్ సంగతి మరీ కష్టం. దాని ద్వారం అడుగున ఉండదు, కంటి వైపు పైన ఉంటుంది. మనిషి నిలబడినంత మాత్రాన అందులోది కారిపోదు. ఆ నూగువెంట్రుకలు పైకి తోస్తేనే బయటపడుతుంది.

సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో దెబ్బతినేది సరిగ్గా ఈ ఏర్పాటే. ఏడవ క్రోమోజోము మీది సీఎఫ్‌టీఆర్ జన్యువును 1989లో గుర్తించారు. కణాల్లోంచి క్లోరైడ్ రాకపోకలను నడిపే ద్వారాన్ని తయారుచేసేది ఆ జన్యువే. అది చెడితే ముక్కు, ఊపిరితిత్తుల పొర మీదికి ఉప్పూ నీరూ చాలినంత చేరవు. జిగురు ఎండి బంకలా మారుతుంది, కదలదు, అందులో బాక్టీరియా కాపురం పెడుతుంది. చర్మంలో ఇదే లోపం తలకిందులుగా పనిచేస్తుంది: చెమటలోంచి ఉప్పును వెనక్కి తీసుకోవలసిన నాళం తీసుకోలేదు. అందుకే ఈ పిల్లల్ని ముద్దుపెట్టుకుంటే పెదవులకు ఉప్పు తగులుతుంది. ఒళ్లంతా ఉప్పు కారిపోతుంటే ముక్కు లోపల మాత్రం తడి కరువు. ఉప్పునీళ్లు ఆ తడిని బయటినుంచి అందించి, అట్టకట్టినదాన్ని వదులుచేసి, కడిగేస్తాయి.

ఉప్పునీటి గుణం ఈ జబ్బులో ఎంత పెద్దదో ఆస్ట్రేలియాలో తెలిసింది. సముద్రపు అలల మీద సర్ఫింగ్ చేసే రోగులకు ఊపిరి తేలికగా ఆడటం వైద్యుల దృష్టికి వచ్చింది. 7 శాతం ఉప్పునీటిని నెబులైజర్‌తో పీల్పించి చేసిన పరీక్షల ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. ఇవాళ అది ఊపిరితిత్తులకు స్థిరపడిన చికిత్స. అంత గాఢత ఊపిరితిత్తుల కోసం. ముక్కు కడగడానికి మామూలుగా వాడేది 0.9 శాతం, అంటే ఒంట్లోని నీటితో సమానమైన ఉప్పదనం.

చేసే తీరు

ముందు నీళ్లు. నల్లా నీళ్లు, బోరింగు నీళ్లు, డ్రమ్ములో పట్టి ఉంచినవి, ఏవీ నేరుగా ముక్కులోకి పోకూడదు. సలసల కాగడం మొదలయ్యాక 3 నుంచి 5 నిమిషాలు మరగనిచ్చి, మూతపెట్టి గోరువెచ్చగా చల్లారనివ్వాలి. 24 గంటలు దాటితే పారబోయాలి. మందుల షాపులో దొరికే స్టెరైల్ నీళ్లయినా పనికొస్తాయి. ఈ పట్టుదలకు కారణం నేగ్లేరియా అనే అమీబా. తాగితే ఏమీ చేయదు. ముక్కులోంచి పోతే మెదడుకు ఎక్కి ప్రాణం తీయగలదు. 2011లో అమెరికాలోని లూసియానాలో కాచని కుళాయి నీటితో ముక్కు కడుక్కున్న ఇద్దరు ఇలాగే చనిపోయారు. కేరళలోనూ ఈ అమీబా ప్రాణాలు తీసింది.

తర్వాత ఉప్పు. లీటరుకు 9 గ్రాములు. అర లీటరుకు నాలుగున్నర, అంటే టీస్పూనుకు కాస్త తక్కువ. అయోడిన్ కలపని సన్నటి ఉప్పు మేలు. చిటికెడు వంటసోడా కలిపితే మంట తగ్గుతుంది. ఉప్పు తగ్గితే కణాలు నీరు పీల్చి ఉబ్బుతాయి, ముక్కు భగ్గుమంటుంది. పెరిగినా మండుతుంది. మొదటిసారి మంటతో భయపడి మానేసేవారిలో చాలామంది కొలత తప్పినవారే.

సింకు మీదికి వంగి, తల పక్కకు వాల్చి, నోరు తెరిచి నోటితోనే ఊపిరి తీసుకోవాలి. నేతి చెంబు కొమ్మును పై పుటానికి ఆనించి నెమ్మదిగా వంచితే నీళ్లు కింది పుటంలోంచి ధారగా దిగుతాయి. అప్పుడు మాట్లాడకూడదు, మింగకూడదు. సగం నీళ్లు ఒకవైపు, సగం రెండోవైపు. అయ్యాక ముందుకు వంగి మిగిలిన నీటిని కారనిచ్చి, రెండు పుటాలూ తెరిచే ఉంచి మెల్లగా చీదాలి. ఒక పుటం మూసి బలంగా చీదితే నీరు చెవిలోకి ఎక్కుతుంది. పడుకోవడానికి కనీసం గంట ముందే ముగించుకోవాలి. సాంచా పనివారికి పాళీ దిగి ఇల్లు చేరిన వేళ సరైనది. గుడ్డ కట్టుకోవడం నూగును ఆపడానికి, కడుక్కోవడం ఆగనిదాన్ని తీయడానికి. రెండూ కావాలి.

సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవారికి నొక్కే సీసాతో పావు లీటరు దాకా పారించడం స్ప్రే చుక్కలకన్నా బాగా పనిచేస్తుంది. ఆపరేషన్ కాని సైనస్‌లలోకి ఈ నీరు పెద్దగా పోదు. ముక్కును, ద్వారాల చుట్టూ పేరుకున్నదాన్ని కడుగుతుంది. ఎండోస్కోపీతో ద్వారాలు వెడల్పు చేశాక లోపలిదాకా చేరుతుంది. వైద్యులు ముక్కు మందు రాసి ఉంటే కడిగిన తర్వాతే వేసుకోవాలి. జిగురు మీద వేసిన మందు పొరకు అంటదు. సీసా ఎవరిది వారిదే. తడిగా వదిలేస్తే ఆ తడిలోనే స్యూడోమోనాస్ అనే బాక్టీరియా పెరుగుతుంది, వీరి ఊపిరితిత్తులకు అది పెద్ద శత్రువు. ఇక్కడ మన స్టీలు చెంబుకు ఒక మేలుంది: రోజూ నీటిలో వేసి మరిగించవచ్చు. సూత్రనేతి జోలికి మాత్రం వీరు పోకూడదు. ముక్కులో పాలిప్‌లు (మెత్తటి కండలు) ఉండవచ్చు, విటమిన్ కె తగ్గి రక్తం కారే ప్రమాదమూ ఉంటుంది.

కడుగుడు దాటి

జలనేతి సిస్టిక్ ఫైబ్రోసిస్‌ను మాన్పదు, జన్యువును మార్చదు. మూసుకుపోయిన ముక్కుతో రాత్రంతా నోటితో ఊపిరి తీసే పిల్లకు నిద్ర ఇస్తుంది, అన్నం రుచి ఇస్తుంది. ఖరీదైన కొత్త మందులు అందని ఇంట్లో ఆ కాస్త సుఖం చాలా పెద్దది.

ఈ జబ్బు తెల్లజాతివారిదేనని మన దేశంలో చాలాకాలం అనుకున్నారు. చాలామంది పిల్లలు ఆస్తమా, టీబీ పేర్ల కింద మందులు వాడుతూ ఉండిపోయారు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లిళ్లు జరిగే ఇళ్లలో ఆ అవకాశం పెరుగుతుంది. మేనరికాలు మన ఆచారం కాబట్టి ఇది మనం తెలుసుకోవలసిన మాట. ఏ తల్లినీ నిందించడానికి కాదు. మాటిమాటికీ న్యుమోనియా, ముక్కులో పాలిప్‌లు, జిడ్డుగా పడే మలం, తిన్నా ఎదగని ఒళ్లు, ఎండాకాలంలో ఉప్పు తగ్గి సొమ్మసిల్లడం: ఇవి కలిసి కనబడితే చెమట పరీక్ష చేయించమని పిల్లల వైద్యుణ్ణి అడగాలి. చెమటలో క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్స్, అంతకు మించి ఉంటే జబ్బు ఉన్నట్టే భావించి తర్వాతి పరీక్షలు చేస్తారు.

మగ్గం నేర్పే పెద్దలు పిల్లలకు పోగుల లెక్క చెప్పకుండా నేత నేర్పరు. జలనేతినీ అలాగే నేర్పాలి. చెంబు వంచడం చూపుతూనే నీళ్లు ఎన్ని నిమిషాలు మరగాలో, లీటరుకు ఎన్ని గ్రాముల ఉప్పో, చెంబు ఎలా ఆరబెట్టాలో చెప్పాలి. ఆ లెక్కలతో సహా అందుకున్న తరానికి ఈ పద్ధతి వైద్యం. లెక్కలు వదిలేస్తే ప్రమాదం. మన ఇళ్లలో దాన్ని వైద్యంగా నిలబెట్టుకోవడానికి కావలసింది ఒక పొయ్యి, ఒక చెంబు, కొలిచిన ఉప్పు, రోజూ పది నిమిషాల ఓపిక.