చత్వారం వచ్చాక గురి

నలభై దాటిన కంటికి ఐరన్ సైట్స్ పెట్టే పరీక్ష చాలా కఠినమైంది. రైఫిల్ మీద వెనక ఒక చిన్న కన్నం, ముందు ఒక సన్నటి పుల్ల, ఎక్కడో దూరంగా కాగితం మీద నల్లటి గుండ్రం. మూడు దూరాల్లో ఉన్న మూడింటినీ పడుచు కన్ను కూడా ఒకేసారి స్పష్టంగా చూడలేదు. అందుకే నేర్పేవాళ్లు ముందు పుల్ల మీదే చూపు నిలపమంటారు, గుండ్రం మసకబారితే బారనీ అంటారు. చత్వారం వచ్చాక ఆ పుల్లే మసకేస్తుంది. పేపరు చదివే కళ్లజోడు పెట్టుకున్నా లాభం లేదు. అది మూరెడు దూరానికి చేసింది, పుల్ల ఉండేది చాచిన చేతికి కాస్త అవతల. పుల్లా సరిగ్గా కనపడదు, గుండ్రమూ కనపడదు.

ఒహాయోలో ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ అనే చోట 1907 నుంచి అమెరికా జాతీయ రైఫిల్ పోటీలు జరుగుతున్నాయి. అక్కడి సర్వీస్ రైఫిల్ విభాగంలో, అంటే సైన్యం వాడే తరహా సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల విభాగంలో, 2015 దాకా ఐరన్ సైట్సే రాజ్యం. 200, 300, 600 గజాల దూరాలకు వాటితోనే గురి పెట్టాలి. 2016లో నియమం మారింది. పెంపు 4.5 ఎక్స్ (అంటే నాలుగున్నర రెట్లు) దాటకుండా, ముందు అద్దం 34 మిల్లీమీటర్లు మించకుండా స్కోప్ పెట్టుకోవచ్చన్నారు. నైపుణ్యం పలచబడుతుందని దిగులు పడేవాళ్లు ఉంటారు. నాకు మాత్రం ఇది కళ్ల విషయంలో జరిగిన న్యాయంగానే తోస్తుంది. శ్వాస, ఒంటి నిలకడ, ట్రిగ్గర్ మీద వేలు... వీటిని స్కోప్ ఎవరికీ దానం చేయదు.

ఆ 4.5 అన్న అంకె నాకు భలే నచ్చింది. డాలస్ చుట్టుపక్కల తెలుగు కుర్రాళ్లు రైఫిల్ కొనగానే అడిగే మొదటి ప్రశ్న, "అన్నా, ఎన్ని ఎక్స్ తీసుకోవాలి?" (వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం ఆ ప్రశ్న కంటే ముందు లాయర్‌ని ఒక మాట అడగాలి. హెచ్‌-1బీ లాంటి వీసాలున్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా ఒప్పుకోదు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డుతో లెక్క మారుతుంది.) నేను ఎదురు ప్రశ్న వేస్తాను: నువ్వు వెళ్లే రేంజ్ ఎంత పొడవు? చాలామంది జవాబు 25 గజాలో, 100 గజాలో. 4.5 ఎక్స్‌లో 600 గజాల గుండ్రం 133 గజాల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. వంద గజాలకు పదహారు ఎక్స్ కొన్నవాడు కాగితం కన్నా తన గుండె చప్పుడే ఎక్కువ చూస్తాడు. లక్ష్యాన్ని పెంచిన అద్దం వణుకునూ అంతే పెంచుతుంది మరి.

దగ్గరి దూరాలకు రెడ్ డాట్ చాలు. 1975లో స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ కంపెనీ తెచ్చిన పద్ధతి ఇది. చిన్న ఎల్ఈడీ వెలుగు పూత పూసిన అద్దం మీద పడి కంటికి తిరిగొస్తుంది. ఆ చుక్క ఎక్కడో దూరాన ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి చూపు లక్ష్యం మీదే ఉంచవచ్చు. చత్వారం కంటికి ఇంతకన్నా ఏం కావాలి? అయితే అస్టిగ్మాటిజం ఉన్నవాళ్లకు ఆ చుక్క గుండ్రంగా కాక ద్రాక్షగుత్తిలా కనిపిస్తుంది. వెంటనే షాపువాడి మీద కోపం వస్తుంది. కొట్లాటకు వెళ్లేముందు ఫోన్ కెమెరాలోంచి ఒకసారి చూడండి. ఫోన్‌కు గుండ్రంగా కనిపిస్తే లోపం కంటిదే. సరైన కళ్లజోడుతో చాలావరకు సర్దుకుంటుంది. లేదంటే ప్రిజమ్ స్కోప్ ఉంది. అందులో గురి గుర్తును గాజు మీదే చెక్కుతారు, కంటివైపు రింగు తిప్పి మన చూపుకు తగ్గట్టు సరిచేసుకోవచ్చు.

ఒకటి నుంచి ఆరు ఎక్స్ దాకా మారే స్కోప్‌లు ఇప్పుడు అందరి మోజు. నేనూ అదే వాడుతున్నాను. కానీ 24 మిల్లీమీటర్ల అద్దాన్ని ఆరు ఎక్స్‌కు తిప్పితే కంటికి చేరే వెలుగు వలయం వెడల్పు 4 మిల్లీమీటర్లే. తల కాస్త జరిగిందా, నల్లటి నీడ కమ్ముకుంటుంది. సందె వేళ ఇంకా కష్టం.

ఇక బిగింపు. వెయ్యి డాలర్ల స్కోప్ కొని, దాన్ని ముప్పై డాలర్ల మౌంట్ మీద కూర్చోబెట్టే లోభితనం నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఏఆర్-15 తరహా రైఫిల్‌లో భుజానికి ఆనే భాగం బ్యారల్‌తో ఒకే వరసలో ఉంటుంది కాబట్టి తల పైకి ఉంటుంది, చూపు గీత బ్యారల్ నడిమి కన్నా దాదాపు 2.6 అంగుళాలు పైన నడుస్తుంది. వేట రైఫిల్ పొట్టి రింగులు దీనికి పనికిరావు. ముందుకు చాచుకుని ఉండే ఒంటి ముక్క మౌంట్ కావాలి. దాని పట్టు మొత్తం రిసీవర్ మీదే ఉండాలి. రిసీవర్ పైనున్న గాళ్ల పట్టా (రైల్) ముందు చేతి భాగం దాకా ఒకటే అన్నట్టు కనిపిస్తుంది గానీ మధ్యలో అతుకు ఉంది. చేతి భాగం ఒత్తిడికి వంగుతుంది. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసిన స్కోప్ నిలకడగా ఉండదు.

ఆ పట్టాకు న్యూజెర్సీలోని పికాటినీ ఆయుధశాల పేరే స్థిరపడింది. 1995లో సైనిక ప్రమాణంగా కొలతలు ఖాయం చేశారు: గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు, గాడి నుంచి గాడికి 10 మిల్లీమీటర్లు. గాడిలో మౌంట్‌కు వెంట్రుకవాసి కదలిక ఉంటుంది. కాబట్టి ఛాంబర్ ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాక, మౌంట్‌ను గాడిలో ముందుకు నెట్టి పట్టుకుని బిగించాలి. పేలినప్పుడు రైఫిల్ వెనక్కి తంతుంది, స్కోప్ ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. ముందుగోడకు అప్పటికే ఆనుకుని ఉంటే జరగడానికి చోటుండదు.

రింగుల స్క్రూలు బిగించేముందు స్కోప్‌ను తిన్నగా నిలపాలి. రైఫిల్ మీద రసమట్టం పెట్టి, ఎదుట దారానికి బరువు కట్టి వేలాడదీసి, స్కోప్‌లోని నిలువు గీతను ఆ దారంతో కలపడం నా పద్ధతి. వంకర ఉంటే వంద గజాల్లో తెలియదు, ఆరువందల గజాలకు స్కోప్ మీది ఎత్తు సరిచేసే నాబ్ తిప్పినప్పుడు గుండు పక్కకు పోతుంది. స్క్రూలను ఒక్కోటి పూర్తిగా కాకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి, రెండువైపులా సందు సమానంగా ఉండాలి. టార్క్ రెంచ్ తప్పనిసరి. రింగులకు తరచూ చెప్పే లెక్క 15 నుంచి 20 ఇంచ్-పౌండ్లు, కానీ మౌంట్‌తో వచ్చిన కాగితంలో ఉన్నదే ప్రమాణం. చేతి బలం చూపిస్తే గొట్టం సొట్టపోతుంది, లోపలి సర్దుబాట్లు మొరాయిస్తాయి. చివర్లో స్క్రూ తల మీంచి మౌంట్ మీదికి గోళ్ల రంగుతో ఒక గీత. ఏ స్క్రూ వదులైనా గీత విరిగి చాడీ చెప్పేస్తుంది.

రేంజ్‌లో పని చాలావరకు లెక్కే. స్కోప్‌ల మీద ఎంఓఏ అని రాసే కొలత వంద గజాల్లో ఇంచుమించు ఒక అంగుళం. క్లిక్‌కు పావు ఎంఓఏ అయితే, వంద గజాల్లో మూడు అంగుళాలు కింద తగిలినదాన్ని ఎత్తడానికి 12 క్లిక్‌లు, యాభై గజాల్లో అదే మూడు అంగుళాలకు 24. ఒక్క గుండు చూసి నాబ్ తిప్పకండి. అయిదు కాల్చి ఆ గుంపు నడిమిని చూసి తిప్పండి. పది గజాల్లో చుక్కకు రెండు అంగుళాల పైచిలుకు కింద తగిలితే స్కోప్ చెడిందనుకోకండి, చూపు గీత బ్యారల్ కన్నా పైన నడిచే ఆ ఎత్తే కారణం. నేనైతే ఏ దూరానికి, ఏ కంపెనీ తూటాతో, ఎన్ని గ్రెయిన్ల బరువుతో సరిచేశానో చిన్న కాగితం మీద రాసి రైఫిల్ బట్ మీద అంటిస్తాను. 55 గ్రెయిన్లతో కుదిరిన గురి 77 గ్రెయిన్లతో అక్కడే కుదరాలని లేదు. తూటా మార్చిన రోజున ఆ కాగితం పీకేసి, అయిదు గుళ్లతో మళ్లీ మొదలుపెట్టడమే.