తిరుమల నాయకుని మహలు: ప్రాచీన వాస్తువు నేర్పు విలువలు

ప్రాచీన శిల్పమును ఆదర్శముగా గొని నేడు కట్టుచున్న భవనములు పెక్కు గలవు. వానిలో చాలవరకు రూపమును మాత్రమే గ్రహించినవి. కాంక్రీటుతో స్తంభములను పోతపోసి, పైన గుమ్మటము నిలిపి, దానినే సంప్రదాయమనుట వాడుకయైనది. సంప్రదాయమనగా రూపమా, ఆ రూపమునకు మూలమైన వివేకమా? ఈ ప్రశ్నకు మధురలోని తిరుమల నాయకుని మహలు సమాధానము చెప్పగలదు. తెలుగు నాయకరాజుల కట్టడమగుటచే తమిళనాటి తెలుగువారికిది విశేషముగా విచారింపదగినది.

ఈ మహలును తిరుమల నాయకుడు 1636లో కట్టించెను. నేడు మిగిలినది మొదటి కట్టడములో సుమారు నాలుగవవంతు. స్వర్గవిలాసమను కొలువుకూటము ముందు విశాలమైన ముంగిలియు, దానిచుట్టు ఎత్తైన కమానుల వసారాలును గలవు. వసారా ఎండను గోడకు తగులనీయదు. దళసరి గోడ పగటివేడిని వెంటనే లోనికి రానీయదు. ఎత్తైన కప్పు క్రింద వేడిగాలి మనుష్యులను విడిచి పైకి పోవును. కన్నులకు వైభవముగా తోచునదే దేహమునకు చల్లదనమగుచున్నది. అందమును, అవసరమును విడదీయరాకుండుట దీని మొదటి గుణము.

రెండవ గుణము ద్రవ్యమునకు సంబంధించినది. ఇందు ఇటుక, సున్నము ప్రధానములు. సున్నపురాతిని కాల్చుటకు సుమారు 900 డిగ్రీల వేడి చాలును. సిమెంటునకు 1450 డిగ్రీలు కావలెను. సున్నపు అతుకు ఇటుకకంటె మెత్తనిది కావున, గోడను విప్పినపుడు ఇటుక పగులక చేతికి వచ్చును. చొక్కనాథ నాయకుడు ఈ మహలులో కొంతభాగమును విప్పించి, ఆ సామగ్రిని తిరుచిరాపల్లికి తరలించెనని ప్రసిద్ధి. కళాప్రియులకది విచారకరమే. కాని కట్టడము కూలినను ద్రవ్యము వ్యర్థముకాదను సత్యమును కూడ ఆ కథ సూచించుచున్నది.

ఐనను స్వాభిమానముచే దోషమును కప్పిపుచ్చరాదు. ఈ మహలులో మితము లేదు. ఒక రాజు వైభవమును చాటుటకై ఇంత ద్రవ్యమును, ఇంత శ్రమను వెచ్చించుట సామాన్య గృహస్థునకు ఆదర్శము కానేరదు. శుద్ధ సంప్రదాయమని దీనిని కొనియాడుటయు సరికాదు. ఇందలి కమానులు, గుమ్మటములు ఇస్లామీయ శిల్పమునుండి గ్రహింపబడినవి. గ్రహించినదానిని స్థలమునకు తగినట్లు మలచుకొనుటయే నాయకరాజుల శిల్పుల ప్రజ్ఞ.

1866–1872 మధ్య మద్రాసు గవర్నరుగానుండిన నేపియరు ప్రభువు ఈ మహలును బాగుచేయించెను. ఆయన పేర తిరువనంతపురమున 1880లో పూర్తియైన ప్రదర్శనశాలకు వాస్తుశిల్పి చిషోము. విస్తారముగా వానలు కురియు ఆ సీమలో అతడు కేరళపు ఏటవాలు కప్పులనే ఎన్నుకొని, గాలి సహజముగా ఆడునట్లు కట్టెను. మధుర కమానులను అచ్చట దింపినచో అది అనుకరణ మాత్రమే యయ్యెడిది.

కావున ప్రాచీనులనుండి గ్రహింపదగినవి స్తంభముల కొలతలు కావు. నీడ, గాలి, స్థానిక ద్రవ్యము, మరమ్మతునకు లొంగు కట్టుబడి — ఇవి గ్రాహ్యములు; వీనికి మితమును మనము చేర్చుకొనవలెను. పెంకుటింటి మండువాను కూలద్రోసి, కాంక్రీటు మేడ ముందు గుమ్మటము నిలుపువారు పూర్వుల గౌరవమును నిలుపుట లేదు. ఆ మండువాను బాగుచేసికొని కాపురముండు సామాన్యుడే వారికి నిజమైన వారసుడు.