446 బైట్లలో పనితనం

పొదిలిలో కంప్యూటర్ షాపుకి ల్యాప్‌టాప్ పట్టుకెళ్తే తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఫార్మాట్ కొట్టేద్దాం అన్నా, ఫ్రెష్‌గా అయిపోద్ది." వైరస్ వచ్చినా అదే, స్లో అయినా అదే. రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లున్న మెషీన్‌లో బూట్ మెనూ మాయమైనా అదే. మొదటి రెండింటి సంగతి ఎలా ఉన్నా, మూడోదానికి ఫార్మాట్ కొట్టడమంటే పని రాదని ఒప్పుకోవడమే.

ఇలాంటి మెషీన్లు మన వైపు ఇళ్లలో అరుదేం కాదు. ఒంగోలులోనో మార్కాపురంలోనో ఇంజనీరింగ్ చదివే పిల్లలు ల్యాబ్ పని కోసం ఉబుంటు లినక్స్ వేసుకుంటారు. స్వేచ్ఛ లాంటి సంస్థలు 2005 నుంచీ తెలుగునాట లినక్స్‌ని విద్యార్థుల దగ్గరికి తీసుకెళ్తూనే ఉన్నాయి. అదే ల్యాప్‌టాప్‌లో విండోస్ వైపు నాన్న టాలీ ఉంటుంది: మిర్చి బస్తాల లెక్కలు, పత్తి బిల్లులు, పొగాకు వేలం డబ్బుల జమా ఖర్చులు. ఓ రాత్రి విండోస్ అప్‌డేట్ అవుతుంది, పొద్దున చూస్తే ఉబుంటు కనపడదు. ఇంకోసారి ఉబుంటు కొత్త వెర్షన్ ఎక్కాక మెనూలో విండోస్ పేరే ఉండదు. టాలీ పోయిందని నాన్న కంగారు. డిస్కులో మాత్రం ఒక్క ఫైలూ చెక్కు చెదరలేదు. బస్సు స్టాండులోనే ఉంది, ముందు అద్దంలో పెట్టిన కనిగిరి బోర్డు ఎవరో తీసేశారంతే.

ఆ బోర్డు మళ్లీ పెట్టడం చిన్న పనే. అయినా దాని వెనక ఎంత నేర్పుందో చూడాలంటే మెనూని చూపించే గ్రబ్ అనే ప్రోగ్రాం దగ్గరికి వెళ్లాలి. ఎరిక్ బోలిన్ దీన్ని 1995లో గ్నూ హర్డ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాశాడు. ఇప్పుడు మనం వాడుతున్న గ్రబ్ 2కి మూలం, యోషినోరి ఒకుజి 2002లో ప్యూపా పేరుతో మొదలుపెట్టిన తిరగరాత.

షాపుల్లో ఇంకా నడుస్తున్న పాత డెస్క్‌టాపుల్నే తీసుకోండి. కరెంటు రాగానే మదర్‌బోర్డు మీదుండే బయాస్ అనే ప్రోగ్రాం డిస్కులోని మొట్టమొదటి సెక్టారు ఒక్కటే చదువుతుంది. అది 512 బైట్లు. చివరి 2 బైట్లు 'ఇది బూట్ సెక్టారే' అని చెప్పే గుర్తు. వాటికి ముందు 64 బైట్లు పార్టిషన్ల పట్టిక, ఒక్కోదానికి 16 చొప్పున నాలుగు. ఇక ప్రోగ్రాంకి మిగిలేది 446. యూటీఎఫ్-8లో తెలుగు అచ్చుకీ హల్లుకీ గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు పడతాయి కాబట్టి, ఈ పేరాలో సగం కూడా అంత చోటులో ఇమడదు. అందుకే గ్రబ్ అక్కడ పెద్ద పనులేవీ పెట్టుకోదు. తన రెండో ముక్క డిస్కులో ఎన్నో సెక్టారులో ఉందో ఆ నంబరు మాత్రం గుర్తుపెట్టుకుని, దాన్ని పిలిచి తప్పుకుంటుంది. ఆ రెండో ముక్క ఉండేది మొదటి సెక్టారుకీ మొదటి పార్టిషన్‌కీ మధ్య ఉన్న ఖాళీలో. పాత డిస్కుల్లో ఆ ఖాళీ 62 సెక్టార్లు, అంటే 31 కేబీ. ఫైల్ సిస్టమ్‌ని చదవడం నేర్చుకునేది ఈ ముక్కే. అప్పటినుంచి గ్రబ్‌కి సెక్టారు నంబర్లతో పని లేదు, ఫైళ్లను పేరు పెట్టి పిలుస్తుంది. మెనూ వచ్చేది ఆ తర్వాతే.

కొత్త ల్యాప్‌టాపుల్లో బయాస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చాక ఈ ఇరుకు పోయింది. చిరునామాలు రాసుకునే చోటు మదర్‌బోర్డు మీది చిప్‌లోకి మారింది. ఫలానా పార్టిషన్‌లో ఫలానా ఫైలు నడపాలి అని ఒక్కో ఎంట్రీ. ఏది ముందు, ఏది వెనక అని చెప్పడానికి బూట్ ఆర్డర్ అని ఇంకో వరస. విండోస్‌దీ ఉబుంటుదీ బూట్ ఫైళ్లు ఒకే చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌లో వేర్వేరు ఫోల్డర్లలో పక్కపక్కనే ఉంటాయి. అప్‌డేట్ తర్వాత ఉబుంటు పోయిందంటే చాలాసార్లు జరిగింది ఈ వరస తారుమారు కావడమే.

చేయి తిరిగినవాడు ఇక్కడ ఎలా కదులుతాడో చూడాలి. ఉబుంటు ఉన్న పెన్‌డ్రైవ్‌తో మెషీన్ లేపుతాడు. వెంటనే రిపేరు మొదలెట్టడు. పెన్‌డ్రైవ్ యూఈఎఫ్ఐ పద్ధతిలో లేచిందా, పాత బయాస్ పద్ధతిలో లేచిందా అన్నది ముందు చూస్తాడు. పాత పద్ధతిలో లేస్తే చిప్‌లోని ఎంట్రీలు కనపడవు, ఎంత కొట్టుకున్నా లాభం లేదు. సరిగ్గా లేచిందని తేలాక ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ అనే కమాండ్‌తో ఎంట్రీలన్నీ తెరమీద పరుస్తాడు. ఇది డెల్ కంపెనీలో పనిచేసిన మ్యాట్ డామ్ష్ రాసిన పనిముట్టు. ఉబుంటు పేరు జాబితాలో ఉండి కిందికి జారితే వరస మార్చే ఒక్క లైను చాలు, డిస్కుని ముట్టుకునే అవసరమే ఉండదు. పేరే లేకపోతే ఫైలు దారి చెప్పి కొత్త ఎంట్రీ రాస్తాడు. ఫైలు కూడా పాడైతేనే డిస్కులోని ఉబుంటులోకి వెళ్లి గ్రబ్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తాడు. తక్కువ ముట్టుకునే పనితో మొదలుపెట్టి, అవసరమైతేనే పెద్ద పనికి వెళ్లే ఈ వరసలోనే అతని తెలివంతా ఉంది.

మెనూలో విండోస్ పేరు లేకపోవడం వేరే కథ. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి, పక్క పార్టిషన్లలో ఏ సిస్టమ్‌లున్నాయో వెతికే ఓఎస్-ప్రోబర్‌ని భద్రత పేరుతో ముందే ఆపేసి ఇస్తున్నారు. కారణం సబబే కావచ్చు. మామూలు మనిషికి మాత్రం అది విండోస్ పోయినట్టే కనిపిస్తుంది. సెట్టింగుల ఫైల్లో ఒక లైను మార్చి, అప్‌డేట్-గ్రబ్ కొడితే పేరు తిరిగొస్తుంది. మెనూ ఫైలుని నేరుగా దిద్దకండని ఆ ఫైలు తలమీదే రాసి ఉంటుంది. దాన్ని తయారుచేసే చిన్న స్క్రిప్టులు వేరే ఫోల్డర్‌లో 10, 30, 40 అంటూ నంబర్లతో ఉంటాయి, ఆ నంబర్ల వరసే మెనూ వరస. విండోస్ పైన రావాలంటే దాని స్క్రిప్టు నంబరు 30 తీసి 09 చేస్తే సరి. నాకు గ్రబ్‌లో బాగా నచ్చిన ఏర్పాట్లలో ఇదొకటి.

రెండోది అంతకన్నా ముచ్చటైనది. కిందటిసారి ఎవరు ఏది ఎంచుకున్నారో గుర్తుంచుకోమని గ్రబ్‌కి చెప్పొచ్చు. అయితే బూట్ సమయంలో డిస్కు మీద కొత్త ఫైలు రాయడం ప్రమాదం. అందుకని కచ్చితంగా 1024 బైట్లుండే ఒక ఫైలు ముందే చేసి పెట్టి, ఖాళీ అంతా హాష్ గుర్తులతో నింపేశారు. గ్రబ్ ఆ గుర్తుల మీదే దిద్దుతుంది, ఫైలు పరిమాణం ఒక్క బైటు కూడా మారదు.

లోటు లేదా అంటే ఉంది. గ్రబ్ మెనూ మన ఒత్తుల్ని సరిగా అతికించలేదు, కాబట్టి అక్కడ తెలుగు ఇంకా కుదరలేదు. ఇక ఎంత నేర్పున్నా దెబ్బ బయటినుంచి రావచ్చు. 2024 ఆగస్టులో విండోస్ భద్రతా అప్‌డేట్ ఒకటి పాత బూట్ ఫైళ్లను నిషేధించి, ప్రపంచమంతటా ఎన్నో డ్యూయల్ బూట్ మెషీన్లలో లినక్స్‌ని లేవనివ్వలేదు. అప్పుడు కూడా మందు ఫార్మాట్ కాదు: సంతకం సరిగా ఉన్న బూట్ ఫైళ్లనే నడవనిచ్చే సెక్యూర్ బూట్‌ని కాసేపు ఆపి, ఉబుంటులోకి వెళ్లి ఆ నిషేధపు జాబితాని ఒక కమాండ్‌తో చెరిపి, మళ్లీ సెక్యూర్ బూట్ పెట్టుకోవడమే.

ఒక్క జాగ్రత్త. సెక్యూర్ బూట్ ఆపినా బూట్ వరస మార్చినా, డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది లేకపోతే ఎంత పనిమంతుడైనా ఏమీ చేయలేడు. మెషీన్ బాగా నడుస్తున్నప్పుడే ఆ కీని కాగితం మీద రాసుకోండి, టాలీ బ్యాకప్ వేరే డ్రైవ్‌లో పెట్టండి. ఆ తర్వాతే రిపేరుకి ఇవ్వండి.