పీఠికలో పేరు, లోపల మౌనం: మార్టిన్ లూథర్ కింగ్ సిద్ధాంత గ్రంథంపై ఒక విమర్శ

మన వేదాంత కళాశాలల్లో గ్రంథచౌర్యం అనే మాట వచ్చినప్పుడు, అది చదువు మీద శ్రద్ధ లేని విద్యార్థి చేసే పని అనుకోవడం పరిపాటి. బద్ధకస్థుడు కాపీ కొడతాడు, భక్తిపరుడు కొట్టడు అని చర్చను అంతటితో ముగిస్తాము. ఈ అభిప్రాయం ఎంత బలహీనమైనదో తెలియాలంటే ఒక గ్రంథాన్ని దగ్గరగా చూడాలి. అది డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ 1955లో బోస్టన్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథం. ఆయన మీద గౌరవం తగ్గి ఈ మాటలు వ్రాయడం లేదు. ఆయన చిత్రపటం మా సంఘ కార్యాలయంలో ఉంది, దానిని తీసివేసే ఉద్దేశం కూడా లేదు.

పాల్ టిల్లిక్, హెన్రీ నెల్సన్ వీమన్ అనే ఇద్దరు వేదాంతుల దైవభావనలను పోల్చి చూడటం ఆ గ్రంథ విషయం. కింగ్ 1951లో క్రోజర్ సెమినరీలో బి.డి. ముగించి బోస్టన్ వెళ్లారు. మొదటి గైడు ఎడ్గర్ బ్రైట్‌మన్ 1953లో మరణించగా ఎల్. హెరాల్డ్ డివుల్ఫ్ ఆ బాధ్యత తీసుకున్నారు. 1954లో కింగ్ మాంట్‌గోమరీలోని డెక్‌స్టర్ ఎవెన్యూ బాప్టిస్టు సంఘానికి కాపరిగా వెళ్లారు. గ్రంథం పూర్తి చేసింది అక్కడే. ఉదయం అయిదున్నరకు లేచి మూడు గంటలు, రాత్రి పొద్దుపోయాక మరో మూడు గంటలు దానికి వెచ్చించేవాడినని ఆయనే తరువాత వ్రాశారు. మధ్యలో ప్రసంగాలు, వివాహాలు, సమాధి కార్యక్రమాలు, రోగుల దర్శనం. సంఘాన్ని చూసుకుంటూ ఎం.టిహెచ్. గ్రంథం వ్రాస్తున్న మన సహోదరులకు ఈ దినచర్య క్రొత్తది కాదు.

విషయం బయటపెట్టింది ఆయన శత్రువులు కారు. కింగ్ సతీమణి కొరెట్టా కోరిక మీద 1985లో ఆయన పత్రాలను సంపుటాలుగా ప్రచురించే బాధ్యత చేపట్టిన చరిత్రకారుడు క్లేబోర్న్ కార్సన్, ఆయన బృందం. మూలాలు వెదుకుతూ పోగా, ఉల్లేఖన చిహ్నాలు లేకుండా ఇతరుల వాక్యాలు విస్తారంగా కనిపించాయి. 1990 నవంబరులో వార్త పత్రికలకెక్కింది. బోస్టన్ విశ్వవిద్యాలయం నియమించిన విచారణ సంఘం 1991లో చౌర్యం జరిగిన మాట నిజమేనని తేల్చింది. పట్టా రద్దు చేయనక్కరలేదని, గ్రంథాలయంలోని ప్రతికి ఆ సంగతి తెలిపే లేఖ జతచేయాలని చెప్పింది. గ్రంథం వలన పాండిత్యానికి కొంత మేలు జరిగిందని కూడా ఒప్పుకుంది.

ఆ వాక్యాలలో అనేకం జాక్ బూజర్‌వి. ఆయన అదే విశ్వవిద్యాలయంలో, అదే డివుల్ఫ్ వద్ద, టిల్లిక్ దైవభావన మీదనే 1952లో సిద్ధాంత గ్రంథం వ్రాశారు. ఇక్కడ విమర్శకుడు ఆగి ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. కింగ్ తన పీఠికలోనే బూజర్ గ్రంథాన్ని పేరు పెట్టి ప్రస్తావించారు, మెచ్చుకున్నారు. దొంగిలించేవాడు యజమాని పేరు గుమ్మం మీద వ్రాస్తాడా? కాబట్టి కపటమే ఉద్దేశమని తేలికగా తీర్పు చెప్పలేము. అయినా తప్పు తప్పే. టిల్లిక్ అభిప్రాయాన్ని వివరించే చోట అధస్సూచిక టిల్లిక్ పుస్తకానికి ఉంటుంది, వాక్యం మాత్రం బూజర్‌ది. చదువరి దానిని చూసి, కింగ్ టిల్లిక్‌ను చదివి, తూచి, తన మాటల్లో చెప్పాడనుకుంటాడు. ఆ చోట చదివింది, తూచింది, చెప్పింది మరొకరు. పీఠికలో ఒకసారి పేరు చెప్పినందువలన లోపలి పేజీలో ఏ మాట ఎవరిదో తెలియదు. మన విద్యార్థులలో బార్త్‌ను ఒక పాఠ్యపుస్తకంలోని రెండు పేరాల ద్వారా మాత్రమే ఎరిగి, అధస్సూచికలో బార్త్ మూలగ్రంథపు సంపుటం, పుట సంఖ్య వేసేవారున్నారు. కాపీ కొట్టలేదని వారు నిజాయితీగానే నమ్ముతారు.

కీత్ మిల్లర్ 1992లో వెలువరించిన పుస్తకంలో కింగ్ పక్షాన ఒక వాదన వినిపించారు. నల్లజాతి సంఘాల ప్రసంగ వేదిక మీద మాట ఎవరి సొంత ఆస్తీ కాదు, ఒకరి ప్రసంగంలోనిది మరొకరు తీసుకుని తమ స్వరంలో కలుపుకుంటారు, కింగ్ ఆ సంప్రదాయంలో పెరిగారు అని దాని సారాంశం. ప్రసంగాల మట్టుకు ఈ వాదన నన్ను ఒప్పించింది. సిద్ధాంత గ్రంథం విషయంలో ఒప్పించలేదు. కింగ్ బోస్టన్‌లో గ్రంథరచన మీద ప్రత్యేక పాఠం చదివారు. అదే గ్రంథంలో అనేక చోట్ల ఉల్లేఖన చిహ్నాలు సక్రమంగా వాడారు. నియమం తెలియక జరిగిందనడానికి వీలులేదు.

అయితే మిల్లర్ వాదనలో మనకు తగిలే మాట ఉంది. మన వేదికల మీద “ఒక దైవజనుడు చెప్పినట్లు” అంటాము. ఆ దైవజనుడు ఎవరో ఎవరూ అడగరు, చాలాసార్లు మనకే గుర్తుండదు. ఆదివారం ఆరాధనలో దానివలన నష్టం తక్కువ. అదే అలవాటు సిద్ధాంత గ్రంథంలోకి వచ్చి “పండితుల అభిప్రాయం ప్రకారం” అవుతుంది. దీనిని ఆక్షేపిస్తే, మత్తయి, లూకాలు మార్కును వాడుకున్నారు కదా, వారికి అధస్సూచికలు ఉన్నాయా అని చమత్కారంగా అడిగే విద్యార్థి ప్రతి తరగతిలో ఒకడుంటాడు. లూకా తనకు ముందు అనేకులు వ్రాశారని మొదటి వాక్యంలోనే చెప్పాడని ఒక జవాబు. ఏ సువార్తికుడూ ఇది నా స్వంత పరిశోధన అని ధ్రువీకరణ పత్రం మీద సంతకం చేసి పట్టా అడగలేదని రెండవ జవాబు. మన గ్రంథాల ఆరంభంలో ఆ పత్రం ఉంటుంది. ఆ సంతకమే తేడా.

నా మాట కూడా చెప్పాలి. బి.డి. చదివే రోజుల్లో ఆమోసు గ్రంథంలోని న్యాయం అనే అంశం మీద వ్యాసం వ్రాశాను. గ్రంథాలయంలో కూర్చుని ఒక ఇంగ్లీషు వ్యాఖ్యానం నుండి నోటుపుస్తకంలోకి తెలుగులో దించుకున్నాను. పుట సంఖ్య వేసుకోలేదు. రెండు నెలల తరువాత నోటుపుస్తకం తెరిస్తే తెలుగు నాదే, చేతివ్రాత నాదే, కాబట్టి ఆలోచన కూడా నాదే అనిపించింది. మంచి మార్కులు వచ్చాయి. భాష బాగుందని అధ్యాపకులు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. చాలా ఏళ్ల తరువాత ఆ వ్యాఖ్యానం మళ్లీ చేతికి వచ్చినప్పుడు నాకు సిగ్గు కలిగింది. అనువాదం చేసినంత మాత్రాన మాట మనది కాదు. తెలుగులో వేదాంత పరిశోధన చేసేవారికి ఇదే అన్నిటికంటె దగ్గరి శోధన.

దీనిని యంత్రం తేలికగా పట్టుకోదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో చేసిన నిబంధనలు పోలికను శాతాలలో కొలుస్తాయి. 10 శాతం వరకు శిక్ష లేదు, 40 వరకు సరిచేసి ఆరు నెలలలోగా మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే నమోదు రద్దు. నియమం అవసరమే. కాని విద్యార్థి 9 శాతం వచ్చేదాకా మాటలు మార్చుకుంటూ కూర్చోవడం నేను చూశాను. ఆలోచన ఎవరిదన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది. ఇప్పుడు యంత్రమే పేరాలు వ్రాసిపెడుతున్నది, పోలిక ఇంకా తగ్గుతుంది.

నా దృష్టిలో డివుల్ఫ్ బాధ్యత చిన్నది కాదు. మూడేళ్ల వ్యవధిలో ఒకే అంశం మీద రెండు గ్రంథాలు ఆయన చేతి మీదుగా వెళ్లాయి. రెండింటినీ ఒక్క సాయంత్రం ప్రక్కప్రక్కన పెట్టి చదివి ఉంటే, కింగ్‌ను పిలిచి ఇది మళ్లీ వ్రాసుకురా అని ఉండేవారు. 26 ఏళ్ల విద్యార్థికి అది దయగా ఉండేది. 1990లో వార్త వచ్చేనాటికి కింగ్ లేరు, బూజర్ లేరు, జవాబు చెప్పడానికి డివుల్ఫ్ కూడా లేరు. మన కళాశాలల గ్రంథాలయాలలో పాత ఎం.టిహెచ్. గ్రంథాలు బీరువాలో వరుసగా ఉన్నాయి. క్రొత్త గ్రంథం వచ్చినప్పుడు అదే అంశం మీద ఉన్న పాతదాన్ని బయటికి తీసే గైడులు ఎందరు?

మా సంఘంలో నాకు సహాయకుడిగా ఉన్న సహోదరుడు తన గ్రంథంలో భాష సరిచూడమని నిరుడు నాకు ఇచ్చాడు. మూడవ అధ్యాయంలో తెలుగు హఠాత్తుగా మారింది, వాక్యాలు ఇంగ్లీషు నడక నడిచాయి. “తమ్ముడూ, ఈ పేజీలు ఎక్కడివి?” అని అడిగాను. కొంతసేపు మౌనంగా ఉండి, పుస్తకం పేరు చెప్పాడు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఎర్ర పెన్సిలుతో గీతలు గీశాము. ఇరవై రెండు పేజీలలో అతనివి తొమ్మిది మిగిలాయి. గడువు పొడిగించమని కళాశాలకు ఉత్తరం వ్రాశాడు. జవాబు వచ్చేదాకా బుధవారం ప్రార్థన కూడిక నేనే చూసుకుంటున్నాను.