చాకు పలుకు

మడత చాకు మంచిదో కాదో ముందు చెవికి తెలుస్తుంది. బ్లేడు మీదున్న గాడిలో బొటనవేలి గోరు పెట్టి లాగండి. మొదట బిగువుగా, ఆ తర్వాత నున్నగా రావాలి. చివర 'టక్'మని ఒక్క మాట అనాలి. మూసేటప్పుడూ అంతే గట్టిగా పలకాలి. ఇంగ్లీషువాళ్లలో చాకు ప్రియులు ఈ రెంటినీ కలిపి చాకు నడక, చాకు పలుకు అంటారు. నడక కుంటినా, పలుకు నసిగినా ఆ చాకును అక్కడే వదిలేసి రండి. పిడి ఎంత మెరిసినా సరే.

మొదటి చాకు ఏది కొనమంటారని అడిగినవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఇంగ్లండులోని షెఫీల్డు పద్ధతిలో చేసిన, ఒకే బ్లేడున్న, లాకు లేని చాకు కొనండి. మన సినిమాలు మడత కత్తి అనగానే బటన్ నొక్కే రౌడీనే చూపించాయి. నేను చెప్పేది ఆ జాతి కాదు. జామకాయ కోయడానికి, పార్శిల్ తాడు తెంపడానికి, పెన్సిల్ చెక్కడానికి పుట్టిన పనిముట్టు ఇది. ఇంగ్లీషులో దానికి పెన్‌నైఫ్ అని పేరు రావడానికి కారణం ఈక కలాలు చెక్కడమే.

దీని నిర్మాణం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. రెండు పక్కలా రేకులు, వాటి మీద పిడి చెక్కలు, వీపు పొడవునా ఒక ఉక్కు పట్టీ. ఆ పట్టీయే స్ప్రింగు. అది బ్లేడు మొదలును ఎప్పుడూ నొక్కుతూ ఉంటుంది కాబట్టే తెరిచిన బ్లేడు నిలబడుతుంది, మూసిన బ్లేడు జేబులో తెరుచుకోదు. అన్నిటినీ కలిపి పట్టేవి నాలుగైదు రివెట్లు. తప్పు దాచుకోవడానికి ఎక్కడా చోటు లేదు. స్ప్రింగు మరీ గట్టిపడితే విరుగుతుంది, మెత్తబడితే వంగి అలాగే ఉండిపోతుంది. చాకు తెరిచి ఉన్నా మూసి ఉన్నా వీపు మీద వేలు పోనిస్తే మెట్టు తగలకూడదు. అది కుదిరేదాకా బ్లేడు మొదలును ఆకురాయితో వెంట్రుకవాసి అరగదీయడం, పెట్టి చూడడం, తీసి మళ్లీ అరగదీయడం. ఓపికకు పరీక్ష అంటే అదీ!

ఆ పరీక్షలో జీవితమంతా నెగ్గినవాడు షెఫీల్డు చాకులవాడు స్టాన్ షా. 1926లో పుట్టి, పద్నాలుగేళ్ల వయసులో జార్జ్ ఇబ్బర్సన్ కంపెనీలో పనికి చేరాడు. బ్లేడు, స్ప్రింగు, పిడి, రివెట్టు, మెరుగు అన్నీ ఒక్క చేతి మీద నడిపేవాడు. షెఫీల్డులో సొంత కొట్టు పెట్టుకుని చేసే ఇలాంటివాళ్లను 'లిటిల్ మెస్టర్' అంటారు, అంటే చిన్న మేస్త్రి. నా దృష్టిలో ఆయనంత పెద్ద మేస్త్రి లేడు. 2017లో బ్రిటిష్ ఎంపైర్ మెడల్ ఇచ్చారు. 2021లో, తొంభై నాలుగేళ్ల వయసులో పోయాడు. ఆయన చాకు ఫొటో చూసినా చాలు, రెండు లోహాలు కలిసిన చోట గీత వెతుక్కోవాల్సిందే.

ఆ ఊరి గొప్పలకు లెక్కలేదు. జోసెఫ్ రాడ్జర్స్ కంపెనీ 1851 లండన్ ప్రదర్శనకు డెబ్బై అయిదు బ్లేడ్ల చాకు చేసి పెట్టింది. అంతకుముందు 1822లో సంవత్సరానికి ఒక్కటి లెక్కన 1822 బ్లేడ్లతో ఇంకో చాకు చేసి, కాలం గడిచేకొద్దీ బ్లేడ్లు చేర్చుతూ వచ్చింది. జేబులో పట్టవు కదా అనకండి. గోపురం కట్టగలిగినవాడే గడపా చక్కగా పెడతాడు.

ఈ కథలో మనకూ వాటా ఉంది. 1790లలో బొంబాయి నుంచి లండన్‌కు కొన్ని ఉక్కు ముద్దలు వెళ్లాయి. అక్కడివాళ్లు ఆ ఉక్కును 'వూట్జ్' అన్నారు. తెలుగు, కన్నడాల్లోని 'ఉక్కు'కే అక్కడ నోరు తిరగక అలా అయిందంటారు. స్టోడార్ట్ అనే లండన్ కత్తిపనివాడు దానితో ఒక పెన్‌నైఫ్ చేసి చూసి, మేలైన ఉక్కుకు ఏమీ తీసిపోదని తేల్చాడు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కొలుములకూ అలాంటి ఉక్కుతో పేరొచ్చింది.

షెఫీల్డే ఎందుకు, ఫ్రాన్స్‌లో ఒపినెల్ చాకు ఉందిగా అంటారు కొందరు. ఉంది. సవాయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టాడు. బీచ్ కర్ర పిడి, తేలిక బరువు, తక్కువ ధర. 1955 నుంచి బ్లేడు మూసుకోకుండా తిప్పే ఉంగరం కూడా ఉంది. పండు కోయడంలో దానికి సాటి తక్కువే. జపాన్‌లో మికి పట్టణపు హిగోనోకామీ ఇంకా సాదా: మడిచిన రేకు పిడి, ఒక బ్లేడు, స్ప్రింగే లేదు. రెండూ మంచి చాకులే. కానీ ఆ 'టక్' లేదు. పలకని చాకు నాకు మూగ వీణలా ఉంటుంది.

ఇప్పుడు కడుపుమంట సంగతి. ఫ్రాన్స్‌లోనే లాయోల్ అనే చిన్న ఊరుంది. స్ప్రింగు తల మీద ఈగ బొమ్మ ఉన్న సన్నని చాకు అక్కడిదే. ఊరి పేరును బయటివాడొకడు 1993లో ట్రేడ్‌మార్కు చేయించుకున్నాడు. ఆ పేరుతో ఎక్కడెక్కడో చేసిన సరుకు అమ్ముడవుతుంటే ఊరివాళ్లు దిక్కులు చూడాల్సి వచ్చింది. 2012లో నిరసనగా తమ ఊరి పేరు బోర్డునే పీకేశారు. తన పేరు తనది కాకుండా పోయిన ఊరి బాధ ఎవరు తీర్చాలి?

నేనూ మోసపోయినవాణ్ణే. ఒక ఎగ్జిబిషన్‌లో ఆ ఈగను చూసి ముచ్చటపడి కొన్నాను. ఇంటికొచ్చి కొబ్బరి ముక్క కోస్తుంటే రెండో రోజే బ్లేడు పక్కలకు ఆడింది. వారం తిరక్కుండా స్ప్రింగు విరిగింది. ఈగ మాత్రం చెక్కుచెదరలేదు! అంటించింది కదా, దానికి పనేముంది?

అందుకని కొనేముందు నాలుగు పనులు చేయండి. తెరిచిన బ్లేడును రెండు వేళ్లతో పట్టి అటూ ఇటూ కదపండి, ఆడకూడదు. మూసి వెలుతురుకు పెట్టి చూడండి, స్ప్రింగుకీ రేకుకీ మధ్య సందులోంచి వెలుగు రాకూడదు. పైనుంచి చూస్తే బ్లేడు నడిమధ్యన పడుకోవాలి. చేసినవాడి పేరు బ్లేడు మీద ఉండాలి, ఆ పేరుగలవాడు నిజంగా చాకులు చేసేవాడై ఉండాలి. బ్లేడు ఆకారంలో నా ఓటు లాంబ్‌ఫుట్‌కు. దాని పదును అంచు తిన్నగా ఉంటుంది కాబట్టి సానరాయి మీద కొత్తవాడికి కూడా కుదురుతుంది. షెఫీల్డులో ఏ. రైట్ అండ్ సన్ లాంటి కొద్దిమంది వాటిని ఇంకా చేస్తున్నారు. మూడంగుళాలకు మించని, లాకు లేని మడత బ్లేడును ఇంగ్లండులో ఊరికే జేబులో పెట్టుకు తిరగడానికి చట్టం ఒప్పుకుంటుంది. అక్కడున్న మనవాళ్లకు ఇది పనికొచ్చే మాట. ఎక్కడివాళ్లయినా విమానం ఎక్కేటప్పుడు మాత్రం పెద్ద పెట్టెలో వేయండి.

స్టెయిన్‌లెస్ వద్దు, కార్బన్ స్టీలే తీసుకోండి. మామిడికాయ కోస్తే నల్లబడుతుంది. అది జబ్బు కాదు, చాకుకు వయసొస్తోందని గుర్తు. కోయగానే తుడవండి. కీలు దగ్గర నెలకొక చుక్క కుట్టుమిషన్ నూనె వేయండి. విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో వారానికొక చుక్క. బ్లేడును వదిలేసి దానంతట అదే ఠపీమని మూసుకోనివ్వకండి.

రెండు చవక చాకుల డబ్బు దాచి ఒక్క మంచి చాకు కొనండి. కొనేవాడు లేకపోతే చేసేవాడు ఉండడు. షెఫీల్డులో ఇప్పటికే వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు.