సంకీర్ణవర్గంలో కలిసిపోయిన పనిముట్లు: జీలిబ్ మాక్రోల వివరణ – ఒక విమర్శ

లక్ష్యం

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత, ఒక ప్రోగ్రామింగ్ లైబ్రరీలోని మాక్రోల వివరణ చదువరికి ఎంతవరకు ఉపయోగపడుతుందో మీరు పరిశీలించి చెప్పగలుగుతారు.

1. పరిచయం

మీరు పెద్దతిప్పసముద్రంలో ఇంట్లో కూర్చుని సి భాషలో ప్రోగ్రామ్ రాస్తున్నారనుకోండి. అనుమానం వస్తే అడగడానికి పక్కన సహాధ్యాయి లేరు. అధ్యాపకులను అడగాలంటే తరువాతి సంపర్క తరగతి దాకా ఆగాలి. అంతవరకు లైబ్రరీతో వచ్చే వివరణే మీకు గురువు. అది సరిగ్గా అమరి లేకపోతే ఎక్కువగా నష్టపోయేది మీవంటి దూరవిద్యార్థులే. కాబట్టి వివరణను కూడా ఒక రచనగా భావించి విమర్శించడం నేర్చుకోవాలి.

ఇందుకు జీలిబ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇది గింప్ అనే చిత్రాల సాఫ్ట్‌వేర్ కోసం పుట్టిన జీటీకే నుంచి విడివడిన సి లైబ్రరీ. చిన్న చిన్న పనులకు ఇందులో ఎన్నో మాక్రోలు ఉన్నాయి. మాక్రో ఫంక్షన్ కాదని గుర్తుంచుకోండి. కంపైల్ కావడానికి ముందే, మాక్రో పేరు ఉన్నచోట దాని నిర్వచనం వచ్చి చేరుతుంది.

2. అకారాది, వర్గక్రమం

తెలుగు నిఘంటువుల్లో రెండు పద్ధతులు మీకు పరిచయమే. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం అకారాది క్రమంలో నడుస్తుంది. మాట తెలిస్తే అర్థం దొరుకుతుంది. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం వర్గాలుగా నడుస్తుంది. విషయం తెలిస్తే మాట దొరుకుతుంది.

కొత్తగా నేర్చుకునేవారికి మాక్రో పేరు తెలియదు, తనకు కావలసిన పని మాత్రమే తెలుసు. కాబట్టి వారికి ముందు వర్గక్రమం కావాలి. పేరు తెలిసిన తరువాతే అకారాది సూచిక పనికి వస్తుంది. జీలిబ్ పాత రిఫరెన్స్ మాన్యువల్‌లో ఈ రెండూ ఉండేవి. అది మెచ్చుకోదగినదే. లోపం వర్గాలను విభజించిన తీరులో ఉంది.

3. సంకీర్ణవర్గం సమస్య

ఆ మాన్యువల్‌లో తరచుగా వాడేవి ‘స్టాండర్డ్ మాక్రోస్’ అధ్యాయంలో, అంతగా అవసరం పడని ప్రత్యేకమైనవి ‘మిసలేనియస్ మాక్రోస్’ అధ్యాయంలో ఉండేవి. అమరకోశం మూడో కాండలోనూ సంకీర్ణవర్గం ఉంది. కాబట్టి ఎక్కడా ఇమడనివాటికి ఒక చోటు కల్పించడం తప్పు కాదు. ఇమిడేవాటిని కూడా అక్కడే పడేయడం తప్పు.

2015లో వచ్చిన 2.44 వెర్షన్‌లో జీ ఆటోఫ్రీ, జీ ఆటోపాయింటర్ అనే మాక్రోలు చేరాయి. వీటితో ప్రకటించిన చలరాశి తన పరిధి దాటగానే దాని మెమరీ దానంతటదే విడుదలవుతుంది. మెమరీని విడిపించడం మరచిపోవడం సి నేర్చుకునేవారు తరచుగా చేసే పొరపాటు. దాన్ని తప్పించే పనిముట్టును ‘అంతగా అవసరం పడనివి’ అనే అధ్యాయంలో, కంపైలర్‌కు సూచనలిచ్చే మాక్రోల మధ్య ఉంచారు. మెమరీ అధ్యాయం తెరిచే విద్యార్థి అక్కడికి ఎందుకు వెళ్తాడు? వర్గానికి పేరు పెట్టినప్పటి అభిప్రాయం పాతబడింది. అందులోని సరుకు మారినా పేరు మారలేదు.

4. ప్రతి పదం కింద ఏముండాలి?

జీ ఎన్ ఎలిమెంట్స్ అనే మాక్రో ఒక అర్రేలో ఎన్ని అంశాలున్నాయో చెబుతుంది. హీప్‌లో కేటాయించిన అర్రేకు ఇది పనిచేయదని దాని వివరణలోనే హెచ్చరించారు. ఇది మంచి పద్ధతి. మాక్స్‌కు మాత్రం రెండు విలువల్లో పెద్దదాన్ని ఇస్తుందని చెప్పి వదిలేశారు.

ఐ విలువ 5, జె విలువ 3 అనుకుని, మాక్స్‌కు ‘ఐ++’, ‘జె’ ఇచ్చి చూడండి. ఫంక్షన్ అయితే ఫలితం 5, ఐ విలువ 6 కావాలి. మాక్రో కావడం వల్ల ‘ఐ++’ పోల్చేటప్పుడు ఒకసారి, ఫలితం ఇచ్చేటప్పుడు మరోసారి అమలవుతుంది. ఫలితం 6, ఐ విలువ 7 అవుతుంది. కంపైలర్ దీన్ని దోషంగా పట్టుకోదు. అనుభవజ్ఞులకు ఇది తెలిసిన సంగతే. కానీ వివరణ రాసేది తెలిసినవారి కోసం మాత్రమే కాదు కదా!

5. సారాంశం

మాక్రోలను అవి ఏ ఫైల్లో ఉన్నాయన్నదాన్ని బట్టి కాక, చదువరి చేయదలచిన పనిని బట్టి అమర్చాలి. సంకీర్ణవర్గంలో చివరికి మిగిలినవే ఉండాలి. కొత్త మాక్రో చేరినప్పుడల్లా వర్గాలను తిరిగి చూసుకోవాలి. ప్రతి మాక్రో కింద ప్రయోజనం, ఉదాహరణ, ప్రమాదం మూడూ చెప్పాలి. ‘ఇచ్చిన విలువను రెండుసార్లు గణిస్తుంది’ అన్న ఒక్క వాక్యం ఒంటరిగా చదువుకునే విద్యార్థికి ఒక రాత్రంతా ఆదా చేస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. అకారాది క్రమం, వర్గక్రమం ఎవరెవరికి, ఎప్పుడు ఉపయోగపడతాయి?
2. జీ ఆటోఫ్రీని మీరైతే ఏ అధ్యాయంలో చేరుస్తారు? కారణం రాయండి.
3. మాక్స్ మాక్రోకు ప్రయోజనం, ఉదాహరణ, ప్రమాదం తెలిసేలా ఐదు వాక్యాల వివరణ రాయండి.